కుడికన్ను మూస్తే

మా అమ్మాయి శ్రావ్యకు ఇప్పుడు ఏడేళ్లు నిండి మూడు నెలలు. పోయిన ఏడాది చలికాలం నుంచి ఈ వానాకాలం వరకు దాని ఎడమకన్ను కోసం మా ఇంట్లో జరిగిందంతా ఒక వరుసలో పెట్టాలని చాలాసార్లు కాగితం ముందు కూర్చున్నాను. భయం కొంత తగ్గాకే చేయి కదిలింది. నేను బోధన్ దగ్గర ఒక చక్కెర మిల్లు ల్యాబులో కెమిస్టును. కొలవడం, కొలిచింది రాయడం, రాసింది మళ్లీ సరిచూడడం నా ఉద్యోగం. కాబట్టి నేను ఎక్కడ సరిచూడలేదో ముందు చెప్పడం న్యాయం.

నవంబరులో గానుగ మొదలయ్యే ముందు మేము పొలాలకు వెళ్లి చెరకు పక్వానికి వచ్చిందో లేదో పరీక్షిస్తాం. గడ నుంచి పిండిన రసం చుక్కను చిన్న గొట్టంలాంటి పరికరం గాజు మీద వేసి, వెలుతురు వైపు తిప్పి, రెండో కొసకు కన్ను ఆనించి చూడాలి. లోపల నీలం, తెలుపు కలిసే గీత ఏ అంకె మీద నిలిస్తే అది ఆ రసం తీపి. ఒక ఆదివారం పాప నా వెంట వచ్చింది. కుడికన్నుతో చూసి "పద్దెనిమిది" అంది. సరిగ్గా అంతే ఉంది. ఒకే కన్ను అలసిపోకుండా కొత్తగా చేరినవాళ్లకు చెప్పినట్టే దానికీ చెప్పాను, "ఇప్పుడు కన్ను మార్చి చూడు" అని.

"ఏం లేదమ్మా. అంత తెల్లగుంది."

పరికరం సరిగ్గా పట్టుకోలేదనుకున్నాను. తీసుకుని గాజు తుడిచి, కొత్త చుక్క వేసి ఇచ్చాను. పాప మళ్లీ కుడికన్నే ఆనించి "పద్దెనిమిది" అంది. నా పుస్తకంలో పద్దెనిమిది రాసుకున్నాను. ల్యాబులో తేడా వస్తే మొదట పరికరాన్ని అనుమానిస్తాం, తర్వాత పట్టుకున్న చేతిని. కంటిని అనుమానించాలని మాకెవరూ నేర్పలేదు.

ఆ నెలాఖరుకే సాయంత్రాలు హోంవర్కు ముందు కూర్చుంటే పాప కళ్లు నలుపుకోవడం, నుదురు పట్టుకోవడం మొదలైంది. అలసిపోయినప్పుడు ఎడమ నల్లగుడ్డు ముక్కు వైపు జరిగేది. నిద్ర లేచేసరికి మళ్లీ మామూలే. మా అత్తమ్మ అది చూసి సంతోషించింది.

"మెల్లకన్ను అదృష్టం, పిల్లా. మా చిన్నమ్మకు గట్లనే ఉండె. ఆమె పోయినింట్ల బంగారం పండింది."

"అదృష్టమైతే తలనొప్పి ఎందుకొస్తది అత్తమ్మా?"

"సదువుకు వస్తది. సదవకపోతే రాదు గద."

మా ఆయన మహేశ్‌కు బోధన్‌లో పంపుసెట్ల విడిభాగాల దుకాణం ఉంది. అత్తమ్మ మాటకు నవ్వి ఊరుకున్నాడు. డిసెంబరులో బడి నుంచి టీచరు కబురు పెట్టింది. పుస్తకంలో చూసి రాయమంటే వరుసలు వదిలేస్తోందట, చదవమంటే కిటికీలోంచి బయటికి చూస్తోందట. ఆ సాయంత్రం నేను పాపను మా గేటు దగ్గర నిలబెట్టి రోడ్డవతలి దుకాణాల బోర్డులు చదివించాను. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. వెళ్తున్న లారీ నంబరు కూడా నాకంటే ముందు చెప్పింది. చూపు దివ్యంగా ఉందని, ఇది చదువు ఎగ్గొట్టే వేషమని తేల్చాను. రెండు చెంపదెబ్బలు కూడా వేశాను. దాచిపెట్టడం ఇష్టం లేక ఇది రాస్తున్నాను.

రెండు కళ్లూ తెరిపించి చేసిన పరీక్ష అది. రెండు బస్తాలను ఒకేసారి కాటా మీద పెట్టి, దేని బరువెంతో తెలిసిపోయిందని అనుకోవడం లాంటిది.

జనవరిలో ఒకరోజు తలనొప్పితో పాటు వాంతి చేసుకుంది. మెదడులో ఏదో పెరుగుతోందన్న ఆలోచన ఒక్కసారి వచ్చాక నాకిక అన్నం సహించలేదు. పిల్లల డాక్టరు మందు రాసి, ముందు కళ్లు చూపించండి అన్నాడు. మర్నాడే నిజామాబాద్ బస్సెక్కాం.

కంటి డాక్టరమ్మ గదిలో గోడకు అక్షరాల బదులు మూడు గీతల గుర్తులున్న పట్టిక ఉంది. గీతలు ఎటు తెరుచుకుని ఉంటే చేతివేళ్లు అటు చూపించాలి. పైన అన్నిటికంటే పెద్ద గుర్తు, కిందికి పోనుపోను చిన్నవి, మొత్తం ఏడు వరుసలు. డాక్టరమ్మ ముందు ఎడమకన్ను మూసింది. పాప ఆటలాగా ఏడో వరుస దాకా చూపించింది. తర్వాత కుడికన్ను మూసింది. పాప వెంటనే తల పక్కకు జరిపింది. మళ్లీ మూస్తే డాక్టరమ్మ చేతిని రెండు చేతులతో తోసేసింది.

"ఎందుకు తోస్తున్నవ్ బిడ్డా?"

"నువ్వు మూస్తే నాకు కనిపిస్తలేదు గద."

ఆ మాట పాప ఎంత మామూలుగా అందో నేను వర్ణించలేను. ఆరున్నరేళ్లు అది ఒకే కన్నుతో బతికింది. అందరికీ అంతే అనుకుంది. ఎడమకంటితో మొదటి గుర్తు ఒక్కటే చూపించగలిగింది, అదీ తడుముకుని.

మూడు రోజులు కళ్లలో వేయడానికి ఒక లేపనం ఇచ్చారు. కంటిలోపలి కండరాన్ని అది కదలకుండా పడుకోబెడుతుందట. ఆ మూడు రోజులూ పాప నల్లగుడ్లు పెద్దవై, వెలుతురు చూస్తే ఏడ్చింది, కంచంలో అన్నం కనిపించక నా ముఖం తడిమింది. మందు వల్ల, ఉన్న చూపు కూడా పోయిందేమోనని మహేశ్ నామీద విరుచుకుపడ్డాడు.

"మంచిగ ఉన్న పిల్లను తీస్కపోయి గిట్ల చేస్తివి."

"మంచిగ లేదు. లేదని ఇప్పుడు తెలిసింది."

"తెల్వనప్పుడే మంచిగుండె."

నాలుగో రోజు మళ్లీ నిజామాబాద్. బయట బెంచీ మీద నా పక్కన వర్ణి వైపు నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు చేసుకుంటున్న కుటుంబం. ఆమె కొడుకు, ఇరవై దాటినవాడు, ఎదురుగా ఫోను చూసుకుంటున్నాడు. పాప సంగతి అడిగి తెలుసుకుని ఆమె కొడుకు వైపు చూసింది.

"మావాడికి పన్నెండో ఏట బయటపడిందమ్మా. అద్దాలిచ్చారు గానీ ఆ కంటికి చూపు రాలేదు. కంగారు పడొద్దని నీకు చెప్పను. ఆలస్యం మాత్రం చేయకు."

అన్నాక తన సంచీలోంచి ఒక జామపండు తీసి పాప చేతిలో పెట్టింది. పండు కళ్లకు ఆనకపోవడంతో పాప దాన్ని వాసన చూసి గుర్తుపట్టింది. ఆమె ముఖం తిప్పుకుంది.

లోపల డాక్టరమ్మ అన్నీ కొలిచి, పెన్ను మూసి, నెమ్మదిగా చెప్పింది.

"తలకాయల ఏం లేదు. పిల్లకు దీర్ఘదృష్టి ఉన్నది. రెండు కండ్లల్ల ఉన్నది, ఎడమల చాన ఎక్కువ."

"ఇది దూరంవి అన్నీ చదువుతది మేడమ్" అన్నాను.

"అందుకే అందరం మోసపోతం. ఉట్టిగ చదువుతలేదు, కండరం బిగబట్టి చదువుతున్నది."

ఆమె చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇది. మామూలు కంటిలో వెలుతురు లోపలి తెర మీద సరిగ్గా వచ్చి కుదురుకుంటుంది. దీర్ఘదృష్టి ఉన్న కన్ను కొంచెం పొట్టి. కుదురుకోవలసిన చోటు తెర వెనక్కి పోతుంది. పిల్లల కంటిలోని కటకం మెత్తన కనుక, లోపలి కండరం దాన్ని బిగించి ఆ చోటును ముందుకు లాక్కొస్తుంది. దూరానికి కొంత లాగితే చాలు, దగ్గరికి చాలా లాగాలి. బోర్డు చదివే పిల్ల పుస్తకం ముందు అలసిపోయేది అందుకే. ఆ లాగుడుకే కన్ను ముక్కు వైపు తిరిగేది. రెండు కళ్లకూ లాగే బలం సమానంగానే అందుతుంది. కుడికన్నుకు సరిపడా లాగగానే పని ఆగిపోతుంది. ఎడమకన్ను ఎప్పటికీ మసకే. మసక బొమ్మను మెదడు కొన్నాళ్లు భరించి, ఆ తర్వాత పట్టించుకోవడం మానేస్తుంది.

"కన్ను మంచిదే, చూసుడే రాదు" అంది డాక్టరమ్మ. "అద్దాలు పెడితే బొమ్మ సాఫుగ పడ్తది. కాని దాన్ని చూడనీకి మెదడు నేర్చుకోవాలె. మంచి కన్నుకు పట్టీ వేసి, ఎడమ కన్నుతోని పని చేపియ్యాలె. ఈ వయసులనే వస్తది. దాటితే ఏ అద్దం పెట్టినా రాదు."

"ఎంత టైం ఉంది మేడమ్?"

"ఉన్నది. ఎక్కువ లేదు."

ఆ మూడు మాటలు ఏడు నెలలు నా వెంట నడిచాయి.

అద్దాలు మధ్యలో ఉబ్బి, చత్వారం అద్దాల్లా ఉన్నాయి. "ముసలోళ్లు పెట్టుకునేటియి గివి. చిన్నపిల్లకేంది?" అన్నాడు మహేశ్. వాటి వెనక పాప కళ్లు రెండింతలు కనిపించాయి. అద్దాల దుకాణంలో గడ్డం నెరిసిన పెద్దాయన ఫ్రేము చెవుల వెనక జారకుండా మూడుసార్లు వేడిచేసి వంచాడు.

"చూడు బేటా, కండ్లు ఎంత పెద్దగ కనవడ్తున్నయో."

"కప్ప లెక్క ఉన్నయి."

"కప్పను తక్కువ చెయ్యకు. ఈగ ఎటుపోయినా దానికి కనవడ్తది." పాప నవ్వు ఆపుకుంది. అప్పటికి వారం రోజుల్లో అదే మొదటి నవ్వు.

అద్దాలు పెట్టిన కొద్ది రోజులకే కన్ను ముక్కు వైపు తిరగడం ఆగిపోయింది. మా కష్టానికి మూలం అదేనని అప్పుడు ఊహించలేదు.

ఫిబ్రవరి మొదట్లో పట్టీ మొదలైంది. రోజుకు నాలుగు గంటలు. పొద్దున పాపను బడికి పంపే పని నాదే కనుక ల్యాబులో రెండింటి నుంచి పదింటి దాకా ఉండే షిఫ్టు అడిగి తీసుకున్నాను. బడి నుంచి వచ్చాక, నాలుగు నుంచి ఎనిమిది వరకు పట్టీ వేసి కూర్చోబెట్టే బాధ్యత అత్తమ్మది. నేను ఒక కాగితం గళ్లు గీసి గోడకు అతికించాను. తేదీ, వేసిన సమయం, తీసిన సమయం. అత్తమ్మకు చదువు రాదు. అందుకని గంటకొక గడి గీసి, అయిపోయిన గంటకు టిక్కు పెట్టమన్నాను. రాత్రి వచ్చి చూసుకుంటే ప్రతి రోజూ నాలుగు టిక్కులు. ఆరు వారాలు, ఒక్క గడి ఖాళీ లేదు. మిల్లులో కూడా అంత శుభ్రమైన షీటు నేను చూడలేదు.

మార్చి నడుమ ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. పాప కుడికన్ను మూశారు. మొదటి గుర్తు చూపించింది. రెండో వరుస దగ్గర చేయి గాలిలో ఆగిపోయింది. మళ్లీ చేయించారు. మళ్లీ అక్కడే.

నేను కాగితం తీసి బల్ల మీద పరిచాను. డాక్టరమ్మ దాన్ని చూసి, పాప గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది.

"ఆరు వారాలు దినాం నాలుగు గంటలు పట్టీ అతికితే, తోలు మీద జాడ పడ్తదమ్మా. ఎర్రగైతది, పొట్టు లేస్తది. ఈ పిల్ల మొఖం చూడు, ఎంత నున్నగున్నదో."

నమూనా చూడకుండా షీటు మీద సంతకం పెట్టేవాళ్లను ల్యాబులో నేను చాలాసార్లు కోప్పడ్డాను.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. అత్తమ్మ వరండాలో చాట ముందేసుకుని, భీమ్‌గల్ జాతరలో కొనుక్కున్న చత్వారం అద్దాలతో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మహేశ్ భోజనానికి వచ్చి ఉన్నాడు.

"అత్తమ్మా, పట్టీ వేస్తలేరా?"

చాట ఆగలేదు. "ఏసిన. ఏడ్సింది. తీసిన."

"ఎన్ని రోజులు?"

"దినాం. కన్ను సక్కగైంది గద, ఇంకెందుకు? మంచిగున్న కన్ను మూసి, లేని కన్నుతోని నడుమంటే గోడకు తాకె, మెట్ల మీద పడె. నువ్వుంటివా సూడనీకి?"

"మరి టిక్కులెందుకు పెట్టిన్రు?"

"నువ్వు కాయితమే సూస్తవు గద. కాయితానికి పెట్టిన."

మహేశ్ వైపు చూస్తే తల దించుకున్నాడు. అతనికీ తెలుసు. "దానికి ఆ కన్నే పోతది, ఎరుకేనా?" అని నేను అరిచిన అరుపుకు పాప వచ్చి తలుపు చాటున నిలబడింది. అత్తమ్మ చాట పక్కకు నెట్టింది.

"దాని ముంగట ఒర్లకు. పాపమైతే నాకే కానీ. ఆ పట్టీ దాని బదులు నాకు పెట్టు, పొద్దుగూకేదాంక కూసుంట."

ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే వాళ్ల బదులు తాను ఒక్కపొద్దులు ఉండడం ఆమెకు అలవాటు. ఇదీ అలాంటిదే అనుకుంది. పాపకు మాత్రం ఆట దొరికింది. పరుగున లోపలికి వెళ్లి పట్టీ తెచ్చి, తనకు ఎటు వేస్తారో అటే, నానమ్మ కుడికన్ను మీద అతికించి, పైన అద్దాలు సర్దింది. అత్తమ్మ చాట మళ్లీ దగ్గరికి లాక్కుంది. చేయి బియ్యం మీద ఆగింది.

"ఏంది, గిట్లున్నది?"

"ఎట్లున్నది అవ్వా?" అన్నాడు మహేశ్.

"రాళ్లు కనవడ్తలెవ్వు. బియ్యం గూడ. అంత తెల్లగ, పొగ లెక్క."

నేను ఆమె ఎదురుగా, చేతికి అందేంత దూరంలో కూర్చున్నాను. "నా ముఖం చూడండి అత్తమ్మా."

చాలాసేపు చూసింది. "మొఖమున్నది. కండ్లు లెవ్వు."

పట్టీ తీసి ఎడమకన్ను మీద నా అరచేయి పెట్టాను. అన్నీ కనిపిస్తున్నాయంది. కుడికన్ను మీద పెట్టాను, ఏమీ లేదంది. మూడుసార్లు మార్చి చూశాను. మూడుసార్లూ అదే. పాప మెల్లగా వెళ్లి నానమ్మ ఒడిలో కూర్చుంది.

"నీకు గూడ తెల్లగున్నదా నానమ్మా?"

మర్నాడు ఆమెను నిజామాబాద్ తీసుకెళ్లాం. శుక్లం కాదు, నరం జబ్బు కాదు. పుట్టుకతో వచ్చిన దీర్ఘదృష్టి, ఒక కంటిలో ఎక్కువ. మనవరాలిది ఎలాంటిదో ఇదీ అలాంటిదే. అరవై మూడేళ్లు ఎవరూ ఒక కన్ను మూసి చూడమనలేదు కనుక ఆమెకు తెలియలేదు.

"అందరికీ గంతే కనవడ్తదనుకున్న" అంది అత్తమ్మ. "సూదిల దారం మా చెల్లె ఎక్కిస్తుండె. నాకు చేతగాదని నవ్వేటోళ్లు. నేను గూడ నవ్వుదు."

"ఇప్పుడేం చేయలేమవ్వా" అంది డాక్టరమ్మ.

"నా ముచ్చట వద్దు. పిల్లకు ఇంక ఎన్నేండ్లున్నయి?"

"ఒకటి, రెండు. ఎంత తొందరగ చేస్తే అంత మంచిది."

అత్తమ్మ ఆ ఏళ్లను లెక్కపెట్టుకుంటూ కూర్చోలేదు. తిరుగు బస్సులో పాప తలను తన భుజానికి ఆనించుకుని, దారి పొడవునా దాని కుడికన్ను మీద తన అరచేయి పెట్టి ఉంచింది. పాప ఎడమకన్నుతో కిటికీలోంచి చూస్తూ వచ్చింది.

మరుసటి రోజు నుంచి గోడ మీద కాగితం లేదు. నేనే చింపేశాను. నాలుగు కాగానే నానమ్మ, మనవరాలు ఇద్దరూ పట్టీలు వేసుకుని కూర్చునేవారు. ఆమె తన పట్టీ అరగంటకు తీసేసేది, వంట చేయాలి కనుక. ఆ అరగంట మాత్రం పాప ఏడవలేదు. పూసలు గుచ్చడం, బొమ్మలకు గీత దాటకుండా రంగులు వేయడం, పప్పులో మెంతులు కలిపి మళ్లీ వేరుచేయడం, అన్నీ అత్తమ్మ కనిపెట్టిన పనులే. పక్కింటామె "ఇద్దరు గుడ్డోళ్లు కూసున్నరు" అని పరాచికమాడితే, "గుడ్డిది నేనొక్కదాన్నే, ఇది కాదు. కానియ్య" అని లోపలి నుంచే జవాబు చెప్పిందట.

ఏప్రిల్ చివర రెండో వరుస వచ్చింది. జూన్‌లో నాలుగో వరుస. ఈలోగా ఎండలకు పట్టీ కింద పుండు పడింది, పది రోజులు ఆపాల్సి వచ్చింది. ఆ పది రోజులూ వచ్చింది మళ్లీ పోతుందేమోనని నాకు నిద్ర పట్టలేదు. బడి తెరిచాక పాపకు కప్ప అన్న పేరు వచ్చింది. రెండు రోజులు అద్దాలు బ్యాగులో దాచుకుని వచ్చింది. మూడో రోజు మహేశ్ దుకాణం మూసి బడికి వెళ్లి, తరగతిలో పిల్లలందరినీ ఒక్కో కన్ను మూసి గోడ మీది క్యాలెండరు చదవమన్నాడు. పాపకు తప్ప ఒక్కరికీ తేడా రాలేదని ఇంటికొచ్చి చెప్పాడు. చెబుతూ పక్కకు తిరిగి ముఖం తుడుచుకున్నాడు.

ఇది చదివే తల్లిదండ్రులను నేను కోరేది ఒక్కటే. మీ పిల్లలు దూరపు బోర్డులు చదివితే సంతోషించండి, కానీ అక్కడితో ఆగకండి. ఒక కన్ను అరచేత్తో మూసి చదివించండి. తర్వాత రెండోది మూసి చదివించండి. పిల్ల మీ చేతిని తోసేస్తే కోప్పడకండి, ఎందుకు తోస్తోందో అడగండి. పుస్తకం ముందు అలసిపోయే పిల్లను సోమరి అనకండి. నేను అన్నాను.

ఆగస్టులో వెళ్లినప్పుడు అత్తమ్మ కూడా వచ్చింది, రావద్దన్నా వినలేదు. పాప కుర్చీలో కూర్చుంది, వెనక బల్ల మీద మేమిద్దరం. కుడికన్ను మూశారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు వరుసలు చేయి ఆగకుండా చూపించింది. ఐదో వరుసలో రెండుచోట్ల ఆలోచించి, సరిగ్గానే చూపించింది. నా పక్కన అత్తమ్మ చేయి కూడా లేచి, పైకీ కిందికీ తిరుగుతోంది.

"అవ్వా, పరీక్ష నీకు కాదు" అంది డాక్టరమ్మ.

అత్తమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది. ఆరో వరుసలో ఐదు గుర్తులు. మొదటిది కుడికి, రెండోది కిందికి, మూడోది కుడికి, నాలుగోది పైకి. ఐదో గుర్తు దగ్గర పాప చేయి ఎడమకు వెళ్లి, కిందికి వచ్చి, ఒడిలో పడింది.

"గది సాఫుగ కనిపిస్తలేదు. ఉత్తగ చెప్పాల్నా?"

"వద్దు బిడ్డా" అంది డాక్టరమ్మ. "కనిపించినయే చెప్పు."

"అయితె నాలుగు."

డాక్టరమ్మ రాసుకుంది. మొదటి రోజు ఒకే ఒక్క గుర్తు చూసిన కన్ను ఇది అని, భయపడాల్సిన దశ దాటిందని, ఇకపై పట్టీ రోజుకు రెండు గంటలకు తగ్గించవచ్చని చెప్పింది. అత్తమ్మ లేచి నిలబడింది.

"నాలుగు గంటలే ఉండనియ్యిండ్రి" అంది. "ఇంకోటి మిగిలింది గద."